మెడ పైభాగం వల్ల తలనొప్పి, తల తిరుగుడు: ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏ వైద్యం ఎంచుకోవాలి

"మెడ ఎముక పక్కకు జరిగింది, అందుకే తలనొప్పి, అందుకే తల తిరగడం. ఒకసారి సెట్ చేయిస్తే సరి." కర్నూలు, అనంతపురం, కడప వైపు మెడనొప్పి ఉన్నవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. దీని వెంటే ఇంకో నాలుగు సలహాలు వస్తాయి: కాలరు వేసుకో, ఎమ్మారై తీయించుకో, చెవి డాక్టరుకు చూపించుకో, కటింగ్ షాపులో మెడ తిప్పించుకో. మీకు పనికొచ్చేది ఏదో చాలాసార్లు స్కాను చెప్పదు. ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏ కదలికతో వస్తోంది అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే ముప్పాతిక దారి తెలిసినట్టే. అది తేలకముందు మెడ మీద ఎవరి చెయ్యీ పడనివ్వకండి.

ఎముక జరగడం అంటే

తలను మోసే మొదటి వెన్నుపూస సి1, దాన్నే అట్లాస్ అంటారు. దాని కిందిది సి2. మెడ కుడికీ ఎడమకీ తిరగడంలో దాదాపు సగం ఈ రెండింటి మధ్యే జరుగుతుంది. సి1, సి2, సి3 నరాలు మోసుకొచ్చే నొప్పి కబురు, ముఖం నుంచి ట్రైజెమినల్ నరం తెచ్చే కబురు మెదడు కాండం దిగువన ఒకే చోట కలుస్తాయి. అందుకే మెడ పైకీలు బిగుసుకుపోతే నొప్పి కంటి వెనకా, కణత దగ్గరా, నుదుటి మీదా తెలుస్తుంది. దీనికి సర్వికోజెనిక్ తలనొప్పి అని పేరు. అంటే మెడ వల్ల తలనొప్పి రావడం నిజమే. అయితే ఎముక "జరిగింది" అనే మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి.

ఒకటి, నిజంగానే సి1, సి2 మధ్య పట్టు సడలడం. ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్లలో, చాలా ఏళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లలో, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఇది కనిపిస్తుంది. మెడ ముందుకు వంచి ఒకటి, వెనక్కి వంచి ఒకటి ఎక్స్‌రే తీసి, సి1కీ సి2కీ మధ్య ముందువైపు ఖాళీని కొలుస్తారు. పెద్దవాళ్లలో 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. దీన్ని చేత్తో సర్దకూడదు. ఇది వెన్నెముక సర్జన్ చూడాల్సిన విషయం.

రెండు, ఎక్స్‌రేలో సి1 ఒకటి రెండు డిగ్రీలు వాలినట్టు కనిపించడం. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా ఇది ఉంటుంది. ఎక్స్‌రే తీసేటప్పుడు తల కాస్త తిరిగినా కొలత మారిపోతుంది. ఆ వాలును సరిచేస్తే తలనొప్పి, తల తిరుగుడు పోతాయనడానికి గట్టి ఆధారం లేదు.

మూడు, ఎముక దాని చోటే ఉంటుంది గానీ కీలు బిగుసుకుని, పుర్రె కింది చిన్న కండరాలు పట్టేసి ఉంటాయి. మెడ వల్ల వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. వ్యాయామానికి లొంగేదీ ఇదే.

కాబట్టి ఎవరైనా ఎముక జరిగిందంటే రెండు ప్రశ్నలు వేయండి: ఎన్ని మిల్లీమీటర్లు? మెడ వంచి తీసిన ఎక్స్‌రేలో చూశారా? వీటికి జవాబు చెప్పలేనివాళ్లకు మెడ అప్పజెప్పాల్సిన పని లేదు.

ఎక్స్‌రే రిపోర్టులో "స్ట్రెయిటెనింగ్" అని రాసి ఉంటే చాలామంది హడలిపోతారు. మెడలో సహజంగా ఉండే వంపు తగ్గిందని దాని అర్థం. కండరం పట్టేసినా, ఎక్స్‌రేకి బిగుసుకుని నిలబడినా అలాగే కనిపిస్తుంది. "స్పాండిలోసిస్", అంటే వయసుతో వచ్చే మెడ ఎముకల అరుగుదల, అన్నదీ అంతే. యాభై దాటినవాళ్లలో చాలామంది మెడ ఎక్స్‌రేలో అది ఉంటుంది, వాళ్లలో సగానికి పైగా ఏ బాధా లేకుండానే తిరుగుతుంటారు. ఆ ఒక్క మాట చూసి తల తిరుగుడికి కారణం దొరికిందని అనుకోవద్దు.

ముందు తల తిరుగుడును విడదీయండి

మంచం మీద పక్కకు దొర్లినప్పుడు, అటక మీద డబ్బా కోసం తల ఎత్తినప్పుడు గది గిర్రున తిరిగి, ఒక నిమిషం లోపే ఆగిపోతే అది మెడ కాదు, లోపలి చెవి. అక్కడి సన్నటి సున్నపు పలుకులు ఉండాల్సిన చోటి నుంచి జారి గొట్టంలోకి వెళ్తాయి. బీపీపీవీ అనేది దీన్నే. మెడ కదిలించినప్పుడే వస్తుంది కాబట్టి అందరూ మెడ మీదికి నెడతారు. మెడ జబ్బుగా పొరబడేవాటిలో ఇదే ముందుంటుంది. ఒకటి రెండు సిట్టింగుల్లో తగ్గేదాన్ని నెలల తరబడి కాలరుతో మోసేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

తల తిరుగుడు ఐదు నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఉండి, వెలుతురూ శబ్దమూ పడకపోతే, అంతకుముందు మైగ్రేన్ ఉన్నవాళ్లయితే, వెస్టిబ్యులర్ మైగ్రేన్, అంటే తల తిరుగుడుగా వచ్చే మైగ్రేన్, అనుకోవాలి. మైగ్రేన్‌లో మెడనొప్పి చాలా మామూలు. కాబట్టి మెడ నొప్పిగా ఉందన్నంత మాత్రాన తప్పు మెడది అనలేం.

లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మితే బీపీ కొలిపించాలి, పడుకుని ఒకసారి, లేచిన మూడు నిమిషాల్లోపు ఇంకోసారి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే కారణం అదే. ఏప్రిల్, మే ఎండల్లో పొలం పనికి పోయి, తగినన్ని నీళ్లు తాగక, బీపీ బిళ్లో ప్రోస్టేట్ బిళ్లో వేసుకునే పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ పరీక్ష, షుగరు మందులు వాడేవాళ్లకు ఆ సమయంలో షుగరు పరీక్ష తప్పనిసరి.

ఇక మెడ వల్ల వచ్చే తల తిరుగుడులో గది తిరగదు. తూలినట్టు, తేలినట్టు, నేల నిలకడగా లేనట్టు ఉంటుంది. మెడనొప్పి ఎక్కువైనప్పుడు అదీ ఎక్కువవుతుంది, మెడ తగ్గితే అదీ తగ్గుతుంది. దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కాను గానీ లేదు. మిగతావన్నీ కాదని తేలాకే ఈ పేరు పెట్టాలి. తిరిగే కుర్చీతో ఒక ఆనవాలు చూడొచ్చు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒకరు తలను కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి. ఇంకొకరు కుర్చీని మెల్లగా పక్కకు తిప్పి అర నిమిషం ఆపాలి. అప్పుడు తల నిశ్చలంగా ఉంటుంది కాబట్టి చెవికి పని లేదు, మెలి పడేది మెడే. తూలుడు అప్పుడు వచ్చి, తలా ఒళ్లూ కలిపి తిప్పినప్పుడు రాకపోతే మెడను అనుమానించవచ్చు. ఇది డాక్టరు దగ్గరో, ఫిజియో దగ్గరో చేయించుకోండి. ఇంట్లో పిల్లలతో వద్దు.

తలనొప్పి విషయంలో మెడ ఆనవాళ్లు ఇవి: నొప్పి ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది, మెడ వెనక మొదలై ముందుకు పాకుతుంది, మెడ అటువైపు తిప్పడం తగ్గిపోతుంది, పుర్రె కింద వేలితో నొక్కితే సరిగ్గా అదే తలనొప్పి లేస్తుంది. ఫిజియో చేసే పరీక్ష ఒకటుంది. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా వంచి, ఆ వంపులోనే తలను అటూ ఇటూ తిప్పి చూస్తారు. మామూలుగా ఒక్కో వైపు 44 డిగ్రీల దాకా తిరుగుతుంది. 32 దాటకుండా ఆగిపోతే సి1, సి2 కీలు బిగుసుకున్నట్టు. నొప్పి వైపులు మారుతూ, దడదడ కొట్టుకుంటూ, వాంతి వస్తుంటే మాత్రం మైగ్రేన్ మందు గురించి మాట్లాడాలి, మెడ గురించి కాదు.

వీటిలో ఏది ఉన్నా 108

మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగుడు పడకపోవడం, ఒక కాలో చెయ్యో పట్టు తప్పడం, నిలబడలేనంతగా తూలడం, జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి ఒక్కసారిగా రావడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం. పక్షవాతంలో గడ్డ కరిగించే సూది మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. యాభై దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి, కణత ముట్టుకుంటే నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరును చూడాలి. చూపు మసకబారితే అదే రోజు.

ఇంకొక మాట, ఇది మనసులో పెట్టుకోండి. మెడ వెనక వైపు నుంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిరిగితే, మొదట తెలిసేది మెడనొప్పీ తలనొప్పే. ఆ నొప్పికి మెడ తిప్పించుకోవడానికి వెళ్తే చిరుగు పెద్దదై పక్షవాతం దాకా పోవచ్చు. అంతకుముందెన్నడూ ఎరగని రకం మెడనొప్పి, దానితో తల తిరుగుడు కొత్తగా మొదలైతే, ఎంత పేరున్న చెయ్యి అయినా సరే, ముట్టుకోనివ్వకండి. ముందు ఆసుపత్రికి వెళ్లండి.

మెడే కారణమైతే: ఏది ముందు, ఏది తర్వాత

మొదటి ఎంపిక ఫిజియోథెరపీ. అందులోనూ కరెంటు పెట్టడం, వేడి పెట్టడం కాదు, వ్యాయామం. 2002లో ఆస్ట్రేలియాలో 200 మంది సర్వికోజెనిక్ తలనొప్పి రోగులపై వచ్చిన పరిశోధనలో ఆరు వారాల్లో 8 నుంచి 12 సార్లు చికిత్స ఇచ్చారు. వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లకూ, చేత్తో కీళ్లను కదిలించే చేతి చికిత్స ఒక్కటే తీసుకున్నవాళ్లకూ తలనొప్పులు తగ్గాయి, ఆ మేలు ఏడాది తర్వాత కూడా నిలిచింది. రెండూ కలిపి చేసినప్పుడు బాగుపడినవాళ్లు ఇంకొంచెం ఎక్కువ. పది రోజులు మెషీన్ పెట్టించుకుని వచ్చేయడం దీని కిందికి రాదు.

ముఖ్యమైన వ్యాయామం చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది. వెల్లకిలా పడుకుని, తల కింద మడిచిన పలచటి టవలు పెట్టుకోండి. దిండు వద్దు. "ఊఁ" అన్నట్టు గడ్డాన్ని మెల్లగా గొంతు వైపు వంచండి, తల నేల మీది నుంచి లేవకూడదు. పది సెకన్లు ఆపి వదలండి. పదిసార్లు, పూటకోసారి చొప్పున రోజుకు రెండు పూటలు. గొంతుకు రెండు పక్కలా చెవి వెనక నుంచి ఛాతీ ఎముక దాకా దిగే లావు కండరం మీద రెండు వేళ్లు పెట్టుకోండి. అది తాడులా బిగిస్తే మీరు బలం ఎక్కువ పెడుతున్నారు, లోపలి కండరం పని చేయట్లేదు. సగం బలంతో మళ్లీ మొదలుపెట్టాలి. చాలామంది ఇక్కడే తప్పు చేసి, వ్యాయామంతో నొప్పి ఎక్కువైందని మానేస్తారు. టవలు అంచుతో సి1, సి2 కీలును తిప్పే వ్యాయామం కూడా బాగా పనిచేస్తుంది, కానీ లాగే దిక్కు తప్పితే తప్పు కీలు మీద భారం పడుతుంది. దాన్ని ఫిజియో ఎదురుగా నేర్చుకుని, వాళ్ల ముందు చేసి చూపించాకే ఇంట్లో చేయండి.

పని మారకుండా వ్యాయామం ఒక్కటే నిలబడదు. ధర్మవరం మగ్గం గుంటలో రోజంతా తల వంచి కూర్చునేవాళ్లు, తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టేవాళ్లు, ఫోనును ఒడిలో పెట్టుకుని చూసేవాళ్లు అరగంటకోసారి తల ఎత్తి, భుజాలు వెనక్కి లాగి, గడ్డం లోపలికి నొక్కి ఐదు లెక్కపెట్టాలి. దిండు ఎత్తు ఎంతుండాలంటే, పక్కకు పడుకున్నప్పుడు భుజానికీ చెవికీ మధ్య సందు నిండాలి, అంతకు మించకూడదు. బోర్లా పడుకోవడం మానాలి.

వెన్నెముకను చేత్తో సర్దే కైరోప్రాక్టిక్ వైద్యం రెండు రకాలు. మెడను ఒక్క కుదుపుతో టక్కుమనిపించేది ఒకటి. అట్లాస్‌ను తేలికగా తట్టి సర్దుతామనేది ఇంకొకటి. మొదటిది మెడ తలనొప్పికి కొందరిలో ఉపశమనం ఇస్తుంది. అయితే అదే కుదుపు అరుదుగా ధమని చిరుగుకు దారితీయవచ్చు. అరుదే గానీ, జరిగితే తిరుగులేనిది. అదే మేలు మెల్లగా కదిలించే చేతి చికిత్సతోనూ వ్యాయామంతోనూ వస్తుంటే, కుదుపు దాకా వెళ్లాల్సిన అవసరం కనిపించదు. రెండోదానితో ప్రమాదం తక్కువ, పని చేస్తుందన్న రుజువూ తక్కువే. ఇరవై, ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి. ఎక్కడికి వెళ్లినా ఏం చదివారో అడగండి. ఫిజియోకు బీపీటీ డిగ్రీ ఉండాలి.

కటింగ్ షాపులో తల మర్దన చేయించుకోవడం తప్పు కాదు. చివర్లో గడ్డం, నెత్తి పట్టుకుని రెండు వైపులా టక్కుమనిపించేదే వద్దు. కుర్చీలో కూర్చోగానే "మెడ తిప్పొద్దన్నా" అని ముందే చెప్పేయండి. ఏమరుపాటులో వచ్చే ఆ కుదుపే ప్రమాదం. బ్యూటీ పార్లర్‌లో జుట్టు కడిగేటప్పుడు మెడను బేసిన్ అంచుకు వెనక్కి వేలాడదీయడం కూడా అలాంటిదే. మెడ కింద టవలు మడిచి పెట్టమనండి.

పుత్తూరు కట్టు మీద మన ప్రాంతంలో ఎంతో నమ్మకం. చేతులు, కాళ్ల ఎముకలకు కట్టు వేసే పద్ధతిని మెడకు వాడటం వేరే సంగతి, మెడ లోపల వెన్నుపాము ఉంది. దెబ్బ తగిలిన మెడకు కట్టు కాదు, కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చడం ముఖ్యం. ఆయుర్వేదంలో మెడకు నూనె నిలిపే గ్రీవ బస్తి వంటివి కండరం పట్టు వదలడానికి హాయిగానే ఉంటాయి, మెడ మెలిపెట్టనంత వరకు అభ్యంతరం లేదు.

కాలరు మెత్తటిదైతే, నొప్పి భరించలేని రెండు మూడు రోజులు, బస్సు ప్రయాణంలో వాడుకోవచ్చు. వారాల తరబడి వేసుకుంటే మెడ కండరాలు నీరసించి, తీసేసిన రోజు తూలుడు ఇంకా ఎక్కువవుతుంది. ట్రాక్షన్, అంటే బరువు కట్టి మెడను లాగి పట్టడం, తల తిరుగుడు ఉన్నవాళ్లకు మొదటి వరసలో వద్దు.

బిళ్లల విషయంలో రెండు లెక్కలు గుర్తుంచుకోండి. మామూలు నొప్పి బిళ్ల నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్ల నెలకు 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ బిళ్లే తలనొప్పి తెప్పిస్తుంది. ఎండాకాలం నీళ్లు తక్కువ తాగి డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు వేసుకుంటే కిడ్నీకి దెబ్బ. ఇక మందుల షాపులో ఇచ్చే తల తిరుగుడు బిళ్లలు, ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ రకాలు, వాంతులు ఆగని రెండు మూడు రోజులకే. నెలల తరబడి వాడితే మెదడు తిరుగుడుకు అలవాటుపడటం ఆగిపోతుంది, పెద్దవాళ్లలో చేతులు వణకడం, నడక మందగించడం మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల బిళ్లల డబ్బా ఒకసారి విప్పి చూడండి.

మెడ నరానికి ఇచ్చే ఇంజెక్షన్లు, కీలు నరాన్ని మొద్దుబార్చే చికిత్స ఆరు వారాల వ్యాయామం తర్వాతా తగ్గనివాళ్లకు మాత్రమే.

బీపీపీవీ అయితే

ఈఎన్‌టీ డాక్టరు తల పక్కకు తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టే డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేసి, కళ్లు కొట్టుకునే తీరు చూసి ఏ చెవో తేలుస్తారు. ఆ తర్వాతే ఎప్లీ, అంటే తలను వరసగా తిప్పుతూ పలుకులను వాటి చోటికి పంపే పద్ధతి. కుడి చెవి అయితే, మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, భుజాల కింద దిండు వచ్చేలా వెనక్కి పడుకుని, తల కాస్త వెనక్కి వాలి ఉండగా అర నిమిషం నుంచి నిమిషం ఆగాలి. తలను ఎడమకు 90 డిగ్రీలు తిప్పి అంతసేపే. ఒళ్లంతా ఎడమకు తిప్పి ముఖం నేల వైపు పెట్టి అంతసేపే. ఎడమ వైపు నుంచే మెల్లగా లేవాలి. చెవి తేలకుండా, యూట్యూబ్ చూసి మొదలుపెడితే పలుకు ఇంకో గొట్టంలోకి పోవచ్చు. మెడ బిగుసుకున్నవాళ్లకు తల వెనక్కి వాల్చడం కష్టం కాబట్టి పక్కకు పడుకుని చేసే సెమాంట్ పద్ధతి అడగండి.

ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లవాళ్లకు

అనంతపురం, కడప మెట్ట ప్రాంతాల్లో బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండే ఊళ్లున్నాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వెన్నెముక బంధనాలు ఎముకలా గట్టిపడి, మెడ తిరగదు, నడుం వంగదు. అలాంటి మెడకు ఒక్క కుదుపు చాలు వెన్నుపాము నలిగిపోవడానికి. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు ఉండి, మెడ బిగుసుకుని ఉన్నవాళ్లు ఫిజియో దగ్గరికి వెళ్లేముందే మెడ ఎక్స్‌రే తీయించుకోవాలి. గుండీలు పెట్టుకోలేకపోవడం, చెప్పు కాలి నుంచి జారిపోవడం, మూత్రం ఆగకపోవడం వంటివి ఉంటే ఎమ్మారై, అదీ వెంటనే. ఎమ్మారై ఎప్పుడు అవసరమన్న ప్రశ్నకు మిగతావాళ్లకూ ఇదే జవాబు. దీనికి తోడు ప్రమాదం తర్వాత, ఆరు వారాల వ్యాయామంతో ఏమీ మారనప్పుడు తీయించుకోవచ్చు.

ఎక్కడికి

కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్, మూడింటిలోనూ ఈఎన్‌టీ, ఎముకలు, జనరల్ మెడిసిన్ ఓపీలు ఉన్నాయి. నరాల డాక్టరు కావాలంటే కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది. గది తిరిగితే నేరుగా ఈఎన్‌టీకి, లేస్తే కళ్లు తిరిగితే జనరల్ మెడిసిన్‌కు, ఒకవైపు మెడా తలా నొప్పి ఉండి మెడ తిరగకపోతే ఎముకల డాక్టరుకు చూపించి అక్కడి నుంచి ఫిజియోకు వెళ్లండి.

వెళ్లేటప్పుడు రెండు వారాల కాగితం ఒకటి పట్టుకెళ్లండి: తేదీ, తలనొప్పి ఏ వైపు, తల తిరిగితే ఎన్ని సెకన్లు లేక ఎన్ని గంటలు, అప్పుడు ఏం చేస్తున్నారు, ఏ బిళ్ల వేసుకున్నారు. వ్యాయామం మొదలుపెట్టాక కూడా ఆ కాగితం ఆపొద్దు. ఆరు వారాలకు నెలలో తలనొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గితే అదే దారిలో ఇంకో ఆరు వారాలు సాగండి. ఏమీ తగ్గకపోతే ఫిజియోను మార్చడం కాదు, రోగ నిర్ధారణనే మళ్లీ మొదటి నుంచి చూడమని డాక్టరును అడగండి.